నూట పద్నాలుగు చావులు

సంతోషకుమారికి ఆ పేరు పెట్టిన పాస్టరుగారు పిల్ల మొహం సరిగా చూడకుండానే పెట్టి ఉంటారు. నలభై ఆరేళ్ళలో ఆ పేరుకూ ఆ మొహానికీ పొత్తు కుదిరిన రోజు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. అద్దంకి చుట్టుపక్కల మిరప చేలల్లో ఆమె గొంతు లేచిందంటే చేను గలాయన గట్టు దిగి అవతలికి నడుస్తాడు. అలాగని ఊరికే అరిచే మనిషి కాదు. ఆమె కోపానికి ప్రతిసారీ ఒక కారణం ఉంటుంది, ఆ కారణం ప్రతిసారీ ఇంకొకరి తప్పే అయి ఉంటుంది. కూర్చోబెట్టి అడిగితే అది నిజమేనని మీరే ఒప్పుకుంటారు.

తండ్రి మరియదాసు పత్తి చేలల్లో మందు కొట్టే కూలి. మూతికి కట్టుకోవడానికి గుడ్డముక్క కూడా ఇవ్వకుండా ఇరవై ఏళ్ళు కొట్టించారు. యాభై దాటకుండానే ఊపిరందక పోయాడు. అది ఆయన తప్పా? సంతోషకుమారి పదకొండో ఏట బడి మాని తల్లి వెంట కోతకు వెళ్ళింది. అది ఆ పిల్ల తప్పా? పెళ్ళయ్యాక మొగుడు ఫిలిప్‌తో కలిసి రెండుసార్లు ఎకరం కౌలుకు చేసింది. మొదటి ఏడు చెట్టు విరగకాసింది. కాయ కోసి కల్లంలో ఆరబోసిన మూడో రోజున, మార్చి నెలలో, ఎవరూ అడగని వాన వచ్చి కాయంతా తెల్లబడి తాలయిపోయింది. రెండో ఏడు నల్ల తామరపురుగు పూలల్లో దూరింది. చేను నిండా పూలు, ఒక్క పిందె లేదు. ఏ మందు కొట్టినా ఆ పురుగు చావలేదు, కొట్టినవాళ్ళే చచ్చేట్టు అయ్యారు. ఆ తర్వాత ఫిలిప్ గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్‌గా చేరాడు, ఆదివారం ప్రార్థన వేళకి మాత్రం ఇంటికొస్తాడు. ఆమె మళ్ళీ కోతకే పోయింది, ఈసారి పదకొండుమంది ఆడవాళ్ళ ముఠాకు మేస్త్రిగా.

ఆ ముఠాకు కొన్ని చట్టాలున్నాయి, అన్నీ ఆమె పెట్టినవే. సాలులో ఎర్రకాయ వదలకూడదు. తొడిమ ఊడకూడదు. పొద్దుగూకే వేళకి సాలు సగంలో ఆగితే, ఆగిన చెట్టుకు గుడ్డపీలిక కట్టాలి. మర్నాడు ఎవరొచ్చినా ఆ పీలిక దగ్గరి నుంచే మొదలుపెట్టాలి. ఇది నా సాలంటే నా సాలని జుట్లు పట్టుకోకుండా ఉండటానికి ఆమె కనిపెట్టిన ఉపాయం అది. చుట్టుపక్కల ఏ ముఠాకూ ఇలాంటి పద్ధతి లేదని ఆమెకు కాస్త గర్వం కూడా.

ఇక తనదంటూ ఉన్నది ఇంటి వెనక పది సెంట్లు. అందులో వేసేది తల్లి దాచి ఇచ్చిన విత్తనం. ఆ కాయ పొట్టి, కారం మాత్రం కళ్ళ వెంట నీళ్ళు తెప్పిస్తుంది. ప్రతి ఏడూ రెండో కోతకు ముందు సంతోషకుమారి సాళ్ళ వెంట తిరిగి, ఆకుముడత రాని చెట్లు ఏరి, తల్లి చేసినట్టే వాటికి పీలిక కడుతుంది. ఆ చెట్ల కాయ కోయకూడదు. చెట్టుమీదే పండి ఎండాక దించి, గింజ తీసి, బూడిద కలిపి చిన్న కుండలో దాస్తుంది. దుకాణం ప్యాకెట్టు విత్తనానికి ఆ భాగ్యం లేదు. దాని గింజ దాచి నాటితే చెట్టుకో తీరు వస్తుంది, అందుకని ఏటా మళ్ళీ దుకాణం గుమ్మం ఎక్కాలి. ఏడాదంతా చాకిరీ చేసి చివరికి గింజ కూడా మనది కాకపోతే ఎందుకు ఈ బతుకు అని ఆమె విత్తనం అమ్మేవాళ్ళందరినీ కలిపి తిట్టేది. ఆ పది సెంట్లలోకి ముఠాను ఎప్పుడూ రానివ్వలేదు. నాటేదీ కోసేదీ తానొక్కతే.

ఈ ఫిబ్రవరిలో కూలీలను తీసుకెళ్ళే ఆటో డ్రైవరు ఫోన్లో మాట్లాడుతూ బండిని కాలవలోకి దించాడు. మిగతావాళ్ళకు గీతలతో పోయింది. సంతోషకుమారి కుడికాలి చీలమండ విరిగింది. ఆరు వారాలు కట్టు, అదీ సరిగ్గా రెండో కోత వేళ. మంచం మీద కాలు చాపుకుని ఆమె ఆటోవాణ్ణి, వాడి ఫోన్ని, అవతలి నుంచి ఆ ఫోన్లో మాట్లాడినవాళ్ళని, కట్టు బిగించి కట్టిన కాంపౌండరుని వరసబెట్టి తిట్టింది. కట్టు కాలికే గదా కట్టారు. ముఠాను షాహిస్తాకు అప్పగించింది. షాహిస్తాకు ముప్పై అయిదేళ్ళుంటాయి, ఆమె దగ్గరే కోత నేర్చుకుంది, అక్కా అని తప్ప పిలవదు.

అమ్మను చూసుకోవడానికి కూతురు స్తుతి లాప్‌టాప్ చంకన పెట్టుకుని గుంటూరు నుంచి వచ్చింది. ఒంగోలులో కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివిన పిల్ల. రెండేళ్ళుగా గుంటూరులో నలుగురుండే చిన్న ఆఫీసులో ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేస్తోంది. అదీ ఒక ఉద్యోగమేనా అని తల్లికి మొదటినుంచీ గుర్రు. టీచరు పరీక్షకు కోచింగ్ తీసుకోమని పోరుతూనే ఉంది. ఏ కార్లదో తుపాకులదో అయి ఉంటుందిలే అనుకుని ఇన్నాళ్ళూ ఊరుకుంది. కూతురు మంచం పక్కన కూర్చుని తెరిచిన తెర మీద ఏముందో ఆరోజే మొదటిసారి చూసింది. మిరప చేను ఉంది.

"ఏందే అది?"

"మా ఆటమ్మా. పేరు ఏడో కోత."

"మిరప చేనా? నిన్ను ఆ చేలో అడుగు పెట్టనీగూడదనే కదే నేను ఇన్నేళ్ళు చేతులు మండించుకుంది! తొడిమలు తీసి తీసి గోళ్ళు భగ్గుమంటంటే మజ్జిగలో ముంచుకోని కూర్చునేదాన్నే. అంత చదువూ చదివి మళ్ళా ఆ చేలోకే పోయి కూర్చున్నావా?"

"ఇందులో ఎండ ఉండదులేమ్మా," అంది స్తుతి.

ఆ మాటతో సంతోషకుమారి ఒంటికాలి మీద లేచింది. నిజంగా లేవబోతే కట్టు నొప్పెట్టి మళ్ళీ కూలబడింది గానీ, నోరు మాత్రం పావుగంట ఆగలేదు. ఆమె ఆగి మంచినీళ్ళు తాగుతుంటే స్తుతి నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఈ రకం ఆటను రోగ్‌లైట్ అంటారట. ఆటలో ఒక మనిషికి పది సెంట్ల చేను ఉంటుంది. ఏడు కోతలు పూర్తిచేస్తే గెలిచినట్టు. కానీ అంత తేలిగ్గా ఎవరూ గెలవరు. తెగులో, వానో, నీళ్ళందని బెట్టో వచ్చి చేను పోతుంది, ఆట మొదటికొస్తుంది. మళ్ళీ మొదలుపెడితే నేల మారుతుంది, వాన మారుతుంది, చేతికి దొరికే సరంజామా మారుతుంది. పోయిన చేను పోయినట్టే. ఏడే ఏడు గింజలు మాత్రం కుండలో మిగులుతాయి, వాటితో వచ్చేసారి ఇంకొంచెం దూరం పోవచ్చు.

"పోతదని తెలిసి మళ్ళా మళ్ళా ఎవరాడతారే?"

"ఎవరూ ఆడట్లేదమ్మా." స్తుతి లాప్‌టాప్ మూసింది. "ముప్పైమందికి ఇచ్చాం. నాలుగోసారి తెరిచినవాళ్ళు ఇద్దరే. ఒకళ్ళు మా ఆఫీసాయన చెల్లెలు. ఎందుకు వదిలేస్తన్నారో తెలీట్లా. ఇట్టాగే ఉంటే దీన్ని ఆపేద్దామంటన్నారు మా ఆఫీసు ఓనరు రామకాంత్‌గారు. రెండేళ్ళు కూర్చుని చేసింది నేనే."

ఇది విన్నప్పుడు సంతోషకుమారికి లోపల హాయిగా అనిపించిన మాట దాచడం ఎందుకు? ఆట పోతే పిల్ల కోచింగ్‌కు పోతుంది. ఎటూ పోయేదే, తానూ ఒక చెయ్యి వేస్తే తొందరగా పోతుందనుకుంది. "ఇటియ్యి ఆ ఫోను. దీన్లో ఎన్ని తప్పులున్నయ్యో నేను చెప్తా," అంది.

మొదటిసారి ఒక కోత కూడా దాటలేదు, వడగళ్ళు పడ్డాయి. "యాడినుంచి వచ్చినయ్యే ఇయ్యి? గాలి తిరగలా, మబ్బు పట్టలా!" రెండోసారి పురుగు. "పురుగు పడితే ముందుగాల ఆకు పైకి ముడుచుకోవాలి గదా? నిగనిగలాడే ఆకుని ఒక్క పూటలో నాకేసిద్దా? ఇది రాసినోడు చేను మొహం చూశాడా?" రాసింది తానేనని స్తుతి అనలేదు. మూడోసారి బెట్ట. ఫోన్ని మంచం మీదికి గిరవాటేసి ఆమె అసలు మాట అనేసింది.

"చంపితే చంపుకో. సేద్యం చేసేవాళ్ళు చస్తానే ఉంటారు. కానీ నాకు తెలీకుండా చంపితే నేనెందుకు మళ్ళా రావాలే? చెప్పాపెట్టకుండా చంపేది బయట చాలడంలా? మా కల్లంలో వాన నాకు చెప్పి వచ్చిందా? దానికి నీ ఫోనెందుకు?"

ఇలా తిట్టిన ప్రతి తిట్టునూ కూతురు కాగితం మీద రాసుకుంది. రెండు రోజులు తలెత్తకుండా కూర్చుని ఆటను సవరించింది. ఇప్పుడు వడగళ్ళకు ముందు గాలి తిరుగుతుంది, చీమలు గుడ్లు కరుచుకుని గట్టెక్కుతాయి. తామరపురుగు వచ్చేముందు ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, నల్లి వచ్చేముందు కిందికి ముడుచుకుంటాయి. చూసుకున్నవాడు చూసుకుంటాడు, చూసుకోనివాడు పోతాడు.

సంతోషకుమారి మళ్ళీ ఫోన్ తీసుకుంది, తప్పులు పట్టడానికే. కోత అయిన ప్రతిసారీ ఆట మూడు వస్తువులు చూపిస్తుంది, ఒకటే తీసుకోవాలి. ఒకసారి చేను చుట్టూ జొన్న వరస వచ్చింది. తర్వాత పిట్టలు వాలే కర్రలు వచ్చాయి. ఆ రెండూ కలిసేసరికి పిట్టలు జొన్న కోసం వచ్చి, పనిలో పనిగా మిరపలో పురుగుల్నీ ఏరుకు తిన్నాయి. నాలుగో కోత కూడా దాటేసింది. "చూశావటే! ఎవరన్నా చెప్పారా నాకు? నేనే పట్టా!" అని అరిచింది, ఎవరో కాదన్నట్టు. ఇంకోసారి జొన్నా లేదు, కర్రలూ లేవు, వేపపిండీ బంతి నారూ తప్ప ఏమీ దొరకలేదు. అప్పుడు వేరేగా ఆలోచించాలి. ఏదొస్తే దాంతోనే బతకడం ఆమెకు కొత్తగా నేర్పాలా? చేను పోయాక పరామర్శలు, ఏడుపు పాటలు లేకుండా వెంటనే కొత్త నారు తెర మీదికి రావడం కూడా ఆమెకు నచ్చింది. ఓదార్చేవాళ్ళంటే ఆమెకు మహా చిరాకు. వారం తిరిగేసరికి ఎనభై ఒక్కసార్లు చచ్చింది.

"దీని మొహమేందే ఎప్పుడూ చిటపటలాడతా ఉండిద్ది?" అని ఆటలో మనిషిని చూపించి అడిగింది ఒకనాడు.

"నేను చూసిన మొహాల్లోంచే గీశానమ్మా," అని స్తుతి తల వంచుకుని పని చేసుకుంది.

కానీ తొంభై దాటాక ఆమెకే విసుగు పుట్టడం మొదలయింది. ఏమిటో చెప్పలేకపోయింది. ముప్పైమందిలోనూ అంతే, ఇదివరకటికంటే నాలుగు రోజులు ఎక్కువ ఆడి వదిలేశారు. శుక్రవారం తానే వచ్చి మాట్లాడతానని రామకాంత్ ఫోన్ చేశాడు. ఆ మాట చెబుతుంటే కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషకుమారి చూడనట్టు గోడవైపు తిరిగి పడుకుంది.

గురువారం మధ్యాహ్నం నొప్పి మాత్ర వేసుకుని ఆమె నిద్రపోయింది. చేనాయన మందు కొట్టిస్తున్నాడని ఆరోజు ముఠాకు కోత లేదు. అక్క పది సెంట్లలో కాయ రాలిపోతోందని షాహిస్తాకు మనసు ఆగలేదు. పదిమందినీ వెంటబెట్టుకుని వచ్చింది. సంతోషకుమారి లేచి చూసేసరికి గుమ్మంలో బస్తాలు, వాటి పక్కన చెమటలు కారుతూ నవ్వుతున్న ఆడవాళ్ళు.

"ఒక్క ఎర్రకాయ వదల్లేదక్కా!" అంది షాహిస్తా.

"పీలికలు కట్టిన చెట్లు?"

"వాటి కాణ్ణుంచే గదా మొదలుపెట్టాం!"

సంతోషకుమారి అరిచిన అరుపుకు వీధి చివరి ఇంట్లోంచి కూడా మనుషులు బయటికొచ్చారు. "అయ్యి విత్తనపు చెట్లే! మా అమ్మ చేతి విత్తనమే! ఇన్నేళ్ళూ ఏరుకుంటా వచ్చానే, పద్నాలుగు చెట్లే ఉన్నయ్యే! నీకు బుద్ధుందా, కళ్ళున్నయ్యా?"

"పీలిక కట్టి ఉంది గదక్కా, నువ్వు చెప్పినట్టే..."

"నోరుముయ్! నా గడప తొక్కబాక!"

పదిమంది ముందు పడ్డ మాట అది. షాహిస్తా మొహం ఎర్రబడింది. బస్తా నెత్తికెత్తుకుని, కాయ ఆరబోయడానికి కల్లం వైపు నడిచింది. మిగతావాళ్ళూ వెనకే పోయారు.

సంతోషకుమారి ఏదో ఒకదాని మీద పడాలి కాబట్టి ఫోన్ మీద పడింది. కోపంలో ఆకూ చూడలేదు, చీమలూ చూడలేదు, మూడో కోతకే చేను పోయింది. తెర మీద ఎప్పటిలాగే వచ్చింది: ఏడు గింజలు మీ కుండలో చేరాయి.

"ఎవడు పోశాడే?" అని గావుకేక పెట్టింది. "నా కుండలో నాకు చెప్పకుండా ఎవడు పోశాడు? ఏ చెట్టు గింజలయ్యి? ముడతొచ్చిన చెట్టువా, రాని చెట్టువా? నేను ఏరకుండా అది నా విత్తనం ఎట్టయిద్దే?"

స్తుతి కాగితం ముందుకు లాక్కుని ఆ తిట్టు కూడా రాసుకుంది.

మర్నాడు రామకాంత్ వచ్చాడు. వినుకొండలో బడిపంతులుగారి అబ్బాయి, ముప్పై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. బత్తాయిలు మంచం పక్కన పెట్టి, కాలు ఎలా ఉందని అడిగి, అసలు విషయానికి వచ్చాడు.

"ఏమీ అనుకోకండమ్మా. స్తుతి బాగా కష్టపడింది. కానీ జనం మళ్ళీ రావట్లేదు. రోజుకో బహుమతి పెట్టి చూద్దామా, ప్రకటన చూస్తే చచ్చినచోటే మళ్ళీ లేచేటట్టు పెడదామా అనుకుంటున్నాం. అదీ కాకపోతే ఆపేయడమే. మీరు వందసార్లు ఆడారట. మీకేమనిపించిందో చెప్పండి."

చూడండి, ఆమె కోరుకున్నది చేతికందింది. బాగాలేదు సార్ అంటే చాలు, పిల్ల సోమవారం కోచింగ్‌లో ఉంటుంది. అందామనే నోరు తెరిచింది. కానీ రాత్రినుంచీ కడుపులో మండుతున్నది ఆ నోటికి అడ్డం పడింది.

"చచ్చినదాన్ని లేపుతారా సార్? ఇంక చచ్చినందుకు సిగ్గేముంటది? బహుమతెవరిక్కావాలి? బిచ్చమెత్తడానికి వచ్చానా నేను? వినండి. గాలి తిరిగిందని నాకు చూపించారు, నేను చూసుకోలా, పోయా. బాగుంది. ఏడాదికో తీరున చేను వచ్చింది, ఉన్నదాంతో నెట్టుకొచ్చా. అదీ బాగుంది. అంతా చేసి చివర్న గింజ మాత్రం మీరే ఏరి నా చేతిలో పోస్తారా? అయితే నేను చేసిందేముంది? ఏ చెట్టు నిలబడిందో చూసింది నేను. ఏరేది నేనే అవ్వాలి. తప్పు గింజ ఏరితే మూడేళ్ళ తర్వాతైనా సరే నన్ను ముంచాలి. అట్టా మునిగితే గదా సార్, ఈసారి సరిగ్గా ఏరదామని మళ్ళా వస్తా? పోయిందాంట్లో నాదంటూ ఒకటి ఉంటేనే వస్తా. లేకపోతే నాకెందుకు, మాకు బయట రోజూ ఉన్న ఆటే గదా ఇది!"

రామకాంత్ స్తుతివైపు తిరిగి, "పది రోజులు చాలా?" అని అడిగాడు.

తాను ఆటను చంపలేదని, బతికించానని సంతోషకుమారికి ఆయన వెళ్ళాక గానీ తట్టలేదు. అందుకు కూడా కాసేపు రామకాంత్‌నే తిట్టింది.

తొమ్మిదో రోజుకు కొత్త ఆట తయారయింది. ఇప్పుడు చేను పోగానే తెర మారిపోదు. ఎండిన చేను అలాగే నిలబడి ఉంటుంది. ఆ సాళ్ళ వెంట నడిచి, ఏ చెట్టు ఏమేం తట్టుకుందో ఆకులు చూసి తెలుసుకుని, ఏడు కాయలు మనమే తెంపుకోవాలి. వచ్చేసారి చేను వాటి కడుపునే పుడుతుంది. సంతోషకుమారి కుదురుగా కూర్చుని ఏరింది. పొట్టికాయల్ని చూస్తే ఇంటి వెనక పద్నాలుగు చెట్లు గుర్తొచ్చి కడుపు మండింది. పెద్దకాయలు తెంపింది. వచ్చేసారి కాపు పెరిగింది. మళ్ళీ పెద్దకాయలే. ఇంకా పెరిగింది. ఒక చెట్టు కొసన ముడత చూసింది, ఇంత కాపులో ఒక చెట్టెంత అని ఊరుకుంది. నూట పద్నాలుగోసారి, ఎన్నడూ లేనిది, ఆరో కోతకు చేరింది. ఏడోది ఎదురుగా కనిపిస్తుండగా ముడత ఒక సాలులో మొదలై చేనంతా పాకింది. ఎదురుగా ఉన్న ఒక్క చెట్టూ తట్టుకోలేదు. తట్టుకునే జాతిని ఆటలో మూడేళ్ళుగా తానే వదిలేస్తూ వచ్చింది మరి.

తిట్టడానికి నోరు తెరిచింది. ఎవర్ని? గాలి చెప్పే తిరిగింది. ఆకు చెప్పే ముడుచుకుంది. గింజ కుండలో ఎవడూ పోయలేదు. కూతుర్ని చూసింది, ఫోన్ని చూసింది, ఎవరూ దొరకలేదు.

"నాదే తప్పు," అంది.

స్తుతి చివాల్న తల ఎత్తింది. ఇరవై నాలుగేళ్ళలో ఆ పిల్ల ఆ మాట ఆ నోట వినలేదు. వినకపోవడంలో వింతేముంది? తండ్రి ఊపిరి, తన బడి, వానకు ఒక పంట, పురుగుకు ఒక పంట, చివరికి కాలి ఎముక కూడా ఆమె చేతిలో లేకుండానే పోయాయి. తప్పు చేసేంత చోటైనా ఆమెకు ఎవరిచ్చారు? అది తలుచుకుంటే ఈ కథ చెబుతున్న నాకే ఒళ్ళు మండుతోంది. సంతోషకుమారి మాత్రం అప్పటికే వంగి, ఎండిన సాళ్ళ మధ్య వెతుకుతోంది. ఒక మూల నక్కి ఉన్న పొట్టికాయ చెట్టు చూసి, "ఇదిగో, ఇది ఉందే, చూళ్ళేదు నేను," అని గొణుక్కుంటూ నూట పదిహేనోసారి మొదలుపెట్టింది.

మరుసటి వారం గుంటూరు నుంచి ఫోనొచ్చింది. ముప్పైమందిలో ఇరవై ఒక్కరు మళ్ళీ మళ్ళీ ఆడుతున్నారు, ఆట ఆపడం లేదు. స్తుతి ఏడుస్తూ నవ్వుతూ చెప్పింది.

"చచ్చినాక తిట్టుకుంటన్నారా?" అని అడిగింది తల్లి.

"ఎవర్నమ్మా?"

"వాళ్ళని వాళ్ళు."

"తెగ తిట్టుకుంటన్నారంట."

"అయితే వస్తారులే," అని సంతోషకుమారి చేతికర్ర అందుకుంది. కట్టు ఆ ముందురోజే విప్పారు. కర్ర పట్టుకునే చోట చెయ్యి ఒరుసుకోకుండా స్తుతి పాత చీర పీలిక చుట్టింది. దాని మీద చెయ్యి వెయ్యబోయి సంతోషకుమారి ఆగింది. అదే చీర. జనవరిలో పద్నాలుగు చెట్లకు కట్టిన పీలికలు ఆ చీరలోవే. ముఠాలో ప్రతి ఆగిన సాలుకూ కట్టించే పీలికలూ అవే. పీలిక కనపడితే అక్కణ్ణుంచే మొదలుపెట్టమని షాహిస్తాకు నేర్పింది ఎవరు? నోరుముయ్ అని తాను అడ్డుకున్న మాట ఇప్పుడు పూర్తిగా వినపడింది. "కల్లానికి తీసుకుపో నన్ను," అంది కూతురితో.

కల్లంలో ఎండ చుర్రుమంటోంది. ఆడవాళ్ళు కాయలు తిరగేస్తున్నారు. ఆమెను చూసి అందరూ పని ఆపారు. షాహిస్తా ఒక్కతే ఆపలేదు, తల కూడా తిప్పలేదు.

"ఏమే షాహిస్తా!" సంతోషకుమారి కేక చేలు దాటి వినిపించింది. తిట్లు పడతాయని ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రెండిటికీ ఒకటే పీలిక కట్టింది నేను. చెప్పింది నేను, చెప్పనిదీ నేనే. నువ్వు నేను నేర్పినట్టే చేశావు. నాదే తప్పు. వినపడిందా? నాదే!"

అరిచినట్టే చెప్పింది. ఆమెకు ఇంకోలా చెప్పడం రాదు. షాహిస్తా చేతిలో కాయలు జారవిడిచి కళ్ళు తుడుచుకుంది. మిరపకాయ చేత్తో తుడుచుకోవడంతో భగ్గుమని, "చచ్చాన్రో" అంటూ మొహం కడుక్కోవడానికి నీళ్ళ బిందె దగ్గరికి పరిగెత్తింది. వచ్చాక, కల్లంలో ఒక మూల విడిగా పరిచిన పట్టా చూపించింది.

"నీ కాయ ఎవరి దాంట్లోనూ కలపలేదక్కా. కానీ ఏ చెట్టు కాయ ఏదో నాకు తెలీదు."

చెట్టు తెలియదు, కాయ మాత్రమే ఉంది. ముప్పై ఏళ్ళుగా ఏరినదాంట్లో సగం పోయినట్టే. సంతోషకుమారి కర్ర పక్కన పెట్టి పట్టా అంచున కూలబడింది. షాహిస్తా ఎదురుగా కూర్చుంది, మిగతావాళ్ళు చుట్టూ చేరారు. అలవాటుగా ఆమె చెయ్యి అన్నిటికంటే పెద్దకాయ మీదికి పోయింది. మధ్యలో ఆగింది. దాన్ని వదిలేసి, వంకర లేని పొట్టికాయ ఒకటి తీసి, తొడిమ గట్టిగా ఉందో లేదో చూసి, స్తుతి చేతిలో పెట్టింది.

"ఇట్టాంటియ్యి ఏరండే," అంది అందరితో. "వచ్చే ఏడు ఇయ్యి నిలబడకపోతే నన్ను తిట్టండి. ఇంకెవర్నన్నా తిట్టారో, ఊరుకోను."